సోదర నగరాలు: సముద్రానికి ఆవలి చుట్టరికం

ఒక దేశంలోని నగరం మరొక దేశంలోని నగరంతో దీర్ఘకాల స్నేహానికి అధికారికంగా కట్టుబడినప్పుడు ఆ రెండింటినీ సోదర నగరాలు అంటారు. పత్రికలలో ‘సిస్టర్ సిటీ’ అన్న మాట కూడా తరచుగా కనబడుతుంది. హైదరాబాదు, సికింద్రాబాదులను తెలుగువారు ‘జంట నగరాలు’ అని పిలవడం పరిపాటి. అది వేరు, ఇది వేరు. జంట నగరాలు పక్కపక్కనే పెరిగి ఒకటిగా కలిసిపోయినవి. సోదర నగరాల మధ్య సముద్రాలు ఉండవచ్చు, భాషలు వేరు కావచ్చు, వాటి ప్రజలు ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడకపోయి ఉండవచ్చు. అయినా విద్య, వృత్తి, సంస్కృతి, పురపాలన వంటి విషయాలలో పరస్పరం సహకరించుకుంటామని రెండు నగరపాలక సంస్థలు రాసుకున్న మాటే ఆ బంధానికి పునాది.

ఈ బంధం దేశాల మధ్య కుదిరే సంధి వంటిది కాదు. ఒకరు మాట తప్పితే మరొకరు న్యాయస్థానానికి వెళ్ళి అమలు చేయించుకోగలిగినదీ కాదు. తెలుగు కుటుంబాలకు తెలిసిన వ్యవహారంతో పోల్చాలంటే ఇది వియ్యం వంటిది. రెండు ఇళ్ళవారు ఇష్టపడి కలుపుకుంటారు, రాకపోకలతో నిలబెట్టుకుంటారు. రాకపోకలు ఆగిపోతే చుట్టరికం పేరుకు మాత్రమే మిగులుతుంది. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సమ ఉజ్జీ అంటే జనాభాలోనో సంపదలోనో సమానమని అర్థం కాదు. పుచ్చుకోవడానికి మాత్రమే కాక, ఇవ్వడానికి కూడా రెండు వైపులా ఏదో ఒకటి ఉండాలని అర్థం. బరంపురం వంటి నగరం ఈ విషయాన్ని ఆలోచించవలసింది ఈ కోణం నుండే.

యుద్ధ శిథిలాలలో మొలకెత్తిన ఆలోచన

నగరాలు ఒకదానితో ఒకటి చెలిమి చేయాలన్న ఆలోచనకు బలమైన ప్రేరణ రెండవ ప్రపంచ యుద్ధం. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరం 1940 నవంబరు 14 రాత్రి జరిగిన బాంబుదాడిలో ధ్వంసమైంది. ఆ తరువాత రెండేళ్ళకు సోవియట్ దేశంలోని స్టాలిన్‌గ్రాడ్ నగరం అంతకంటె భయంకరమైన యుద్ధానికి రంగస్థలమైంది. తమకు జరిగినదే మరొక నగరానికి జరుగుతున్నదని తెలుసుకున్న కోవెంట్రీ స్త్రీలు 830 మంది ఒక బల్లగుడ్డ మీద తమ పేర్లను దారంతో కుట్టి, చందా సొమ్ముతో పాటు స్టాలిన్‌గ్రాడ్‌కు పంపించారు. 1944లో ఆ రెండు నగరాల మధ్య బంధం అధికారికమైంది. స్టాలిన్‌గ్రాడ్ పేరు తరువాతి కాలంలో వోల్గోగ్రాడ్‌గా మారింది. ఆ వోల్గోగ్రాడే 1960ల దశకంలో మద్రాసు నగరంతో కూడా సోదర బంధం కలుపుకున్నది.

యుద్ధంలో శత్రువులుగా నిలిచినవారు కూడా ఈ మార్గాన్నే ఎంచుకున్నారు. ఫ్రాన్స్‌లోని మోంబెలియార్, జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్ పట్టణాలు 1950లో చేతులు కలిపాయి. ఆ రెండు దేశాల మధ్య యుద్ధానంతరం కుదిరిన తొలి పట్టణ బంధం అదే. నేడు ఫ్రాన్స్, జర్మనీల మధ్య ఇటువంటి బంధాలు 2,000కు పైగా ఉన్నాయి. అమెరికాలో 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వైట్‌హౌస్‌లో ఒక సమావేశం ఏర్పాటు చేసి, ప్రభుత్వాలతో నిమిత్తం లేకుండా ప్రజలు ప్రజలతో నేరుగా మాట్లాడుకోవాలన్న కార్యక్రమాన్ని ప్రారంభించాడు. సోదర నగరాల ఉద్యమం అక్కడి నుండి విస్తరించింది.

ఈ చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో కోవెంట్రీ నగరం వోల్గోగ్రాడ్‌తో తన బంధాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. దేశాల మధ్య గాలి మారినప్పుడు నగరాల మధ్య దీపం కూడా రెపరెపలాడుతుంది. అందుచేతనే ఈ బంధాలు పదవులలో ఉన్నవారి కరచాలనాల మీద కాక, సామాన్యుల పరిచయాల మీద ఆధారపడినప్పుడే ఎక్కువ కాలం నిలుస్తాయి.

భారతదేశంలో, తెలుగునేలలో, ఒడిశాలో

భారతీయ నగరాలలో ఇటువంటి ఒప్పందాలు ఇటీవలి కాలంలో పెరిగాయి. 2014 ఆగస్టులో వారణాసి, జపాన్‌లోని క్యోటో నగరాల మధ్య భాగస్వామ్య పత్రం మీద సంతకాలు జరిగాయి. రెండూ ప్రాచీన దేవాలయ నగరాలు, రెండూ పట్టు నేతకు ప్రసిద్ధి. తెలుగునేలకు వస్తే, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ 2010లో హైదరాబాదును తన సోదర నగరంగా స్వీకరించింది. అమెరికాలోని ఇండియానాపోలిస్ కూడా హైదరాబాదుతో బంధం కలుపుకున్నది. 2015 మే నెలలో ప్రధానమంత్రి చైనా పర్యటన సందర్భంగా హైదరాబాదు, చింగ్‌దావ్ నగరాల మధ్య ఒప్పందం కుదిరింది.

ఒడిశాలో రాజధాని భువనేశ్వర్‌కు అమెరికా కాలిఫోర్నియా రాష్ట్రంలోని క్యూపర్టినోతో సోదర బంధం ఉన్నది. ఈ జోడీ గమనించదగినది. భువనేశ్వర్ జనాభా 2011 జనగణన నాటికే 8 లక్షలు దాటింది. క్యూపర్టినో సుమారు 60 వేల మంది నివసించే పట్టణం. జనసంఖ్యలో పోలికే లేదు. అక్కడ స్థిరపడిన ఒడియా కుటుంబాలు ఈ రెండింటినీ కలిపే వంతెన అయ్యాయి. వలస వెళ్ళినవారు తాము పుట్టిన ఊరిని, తమను చేరదీసిన ఊరిని కలపడం ఈ ఉద్యమంలో తరచుగా కనబడే విషయం.

అదే క్యూపర్టినోకు జపాన్‌లోని తొయొకావా నగరంతో 1978 నుండి బంధం ఉన్నది. ఆ బంధం దశాబ్దాలు నిలవడానికి కారణం బడిపిల్లలు. ఒక నగరపు విద్యార్థులు మరొక నగరానికి వెళ్ళి, హోటళ్ళలో కాక అక్కడి కుటుంబాల ఇళ్ళలో ఉంటారు. ఆ ఇంటి పిల్లలు వీరి ఇంటికి వస్తారు. పన్నెండేళ్ళ వయసులో ఒక ఇంట భోజనం చేసిన పిల్లవాడు పెద్దవాడైన తరువాత ఆ ఊరిని పరాయి ఊరుగా చూడడు. మేయర్లు మారుతారు, అధికారులు బదిలీ అవుతారు. ఆ పరిచయం మాత్రం మిగిలిపోతుంది.

ఒప్పందం కుదిరే విధానం

భారత రాజ్యాంగం ప్రకారం విదేశీ వ్యవహారాలు కేంద్ర ప్రభుత్వపు పరిధిలోనివి. ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా ఆ అధికారాన్ని పార్లమెంటుకు అప్పగించింది. 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించి, పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలను పేర్కొన్నది. నగర ప్రణాళిక, నీటి సరఫరా, ప్రజారోగ్యం, మురికివాడల అభివృద్ధి, సాంస్కృతిక, విద్యా వికాసం వంటివి వాటిలో ఉన్నాయి. విదేశాలతో సంబంధం ఆ జాబితాలో లేదు. కాబట్టి ఒక నగరపాలక సంస్థ తనంత తానుగా విదేశీ నగరంతో సంతకాలు చేయడం కుదరదు. ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారా కేంద్ర విదేశాంగ మంత్రిత్వ శాఖకు చేరి, అక్కడ అనుమతి పొందవలసి ఉంటుంది. రాష్ట్రాల విదేశీ సంబంధాలకు తోడ్పడేందుకు ఆ మంత్రిత్వ శాఖలో 2014లో ప్రత్యేకంగా ఒక విభాగం కూడా ఏర్పాటయింది.

వ్యవహారం సాధారణంగా ఇలా నడుస్తుంది. మొదట రెండు నగరాలకు ఉమ్మడిగా ఉన్న విషయం ఏమిటో గుర్తిస్తారు. తరువాత మేయర్లు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకొని ఆసక్తిని తెలుపుకుంటారు. నగరపాలక మండలిలో చర్చ జరిగి తీర్మానం ఆమోదం పొందుతుంది. పై ప్రభుత్వాల అనుమతి వచ్చిన తరువాత అవగాహన పత్రం సిద్ధమవుతుంది. సహకరించుకునే రంగాలు, గడువు, ఖర్చుల పంపకం, రెండు వైపులా బాధ్యత వహించే అధికారుల హోదాలు, సమీక్ష జరిగే కాలం, విరమించుకునే పద్ధతి ఆ పత్రంలో స్పష్టంగా ఉండాలి. ఏ నగరపు ప్రయాణ ఖర్చులను ఆ నగరమే భరించడం చాలా ఒప్పందాలలో కనబడే పద్ధతి.

ధనసహాయం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. స్నేహ నగరం నుండి ఏదైనా స్థానిక సంఘానికి విరాళం వచ్చేటట్లయితే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 వర్తిస్తుంది. ఆ చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘం విదేశీ సొమ్మును స్వీకరించడం నేరం. 2020 సవరణ తరువాత అటువంటి సొమ్ము మొదట భారతీయ స్టేట్ బ్యాంకు వారి న్యూఢిల్లీ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. కుల సంఘమైనా, సాంస్కృతిక సమితి అయినా, మత్స్యకారుల సంఘమైనా ఈ నియమానికి లోబడినదే. మంచి ఉద్దేశం చట్టానికి ప్రత్యామ్నాయం కాదు.

కాగితం మీదనే ఆగిపోయే బంధాలు

మాటలు కోటలు దాటినా కాళ్ళు గడప దాటవన్న నానుడి చాలా సోదర ఒప్పందాలకు సరిపోతుంది. సంతకాల రోజున శాలువలు, జ్ఞాపికలు, ఛాయాచిత్రాలు. ఆ మరుసటి సంవత్సరం ఆ ఒప్పందం ఏ అలమరలో ఉన్నదో వెతుక్కోవలసిన పరిస్థితి. ఇలా జరగడానికి ప్రధానంగా మూడు కారణాలు కనబడతాయి.

మొదటిది, విషయం లేకపోవడం. ‘సాంస్కృతిక, ఆర్థిక, విద్యా రంగాలలో సహకారం’ అని రాసుకున్న పత్రం అన్నిటినీ చెప్పినట్లు కనబడి ఏదీ చెప్పదు. మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని నడిపే ఇంజనీర్లు ఏడాదికొకసారి కలుసుకుంటారని రాసుకున్న పత్రానికి ఒక పని ఉన్నది, ఆ పనికి ఒక లెక్క ఉన్నది.

రెండవది, బాధ్యత వహించే పౌర సమితి లేకపోవడం. ఒప్పందం ఒక మేయరు ఉత్సాహం మీద పుడితే, ఆ మేయరు పదవీకాలంతో పాటే ముగుస్తుంది. ఉపాధ్యాయులు, వృత్తిదారులు, వైద్యులు, వర్తకులు ఉన్న సమితి ఒకటి నగరపాలక సంస్థకు తోడుగా నిలిచిన చోట, పాలకులు మారినా పని ఆగదు.

మూడవది, ప్రజల అనుమానం. పన్ను సొమ్ముతో కొందరు విదేశీ విహారం చేసి వస్తున్నారన్న విమర్శ ఇటువంటి ఒప్పందాలున్న ఏ నగరంలోనైనా వినవచ్చు. ఆ విమర్శకు కోపగించుకోవడం సమాధానం కాదు. ఎవరు వెళ్ళారు, ఎంత ఖర్చయింది, ఏమి నేర్చుకొని వచ్చారు, ఇక్కడ ఏది మారింది అన్న నాలుగు విషయాలను ప్రతి పర్యటన తరువాత ప్రజల ముందు ఉంచడమే సమాధానం. వీధిలో కాలువ పొంగుతున్నప్పుడు దూరదేశపు స్నేహం ఎందుకని అడిగే పౌరుడికి, ఆ స్నేహం వల్ల తన కాలువకు కలిగిన మేలును చూపించగలగాలి.

గంజాం తీరానికి ఉన్న పాత చుట్టరికాలు

సముద్రానికి ఆవలివారితో సంబంధం గంజాంకు కొత్త కాదు. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళశాస్త్రవేత్త ‘పలూర’ అనే స్థలాన్ని పేర్కొన్నాడు. తూర్పున సువర్ణభూమికి పోయే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి మళ్ళే చోటు ఆ దాపునే ఉన్నట్లు ఆయన గ్రంథం తెలుపుతుంది. ఆ పలూరయే చిలికా సరస్సు దక్షిణపు అంచున ఉన్న పాలూరు అని పలువురు చరిత్రకారులు గుర్తించారు.

అంత వెనుకకు పోకపోయినా, తాతల కాలపు జ్ఞాపకంగా రంగూన్ ఉన్నది. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల తెలుగువారి నోట ఆ నగరం పేరు ‘రంగం’. బ్రిటిషువారి కాలంలో గోపాల్‌పూర్ రేవు నుండి ఆవిరి ఓడలు రంగూన్‌కు నడిచాయి. పంటలు పోయిన ఏటా, అప్పులు పెరిగిన ఏటా ఇక్కడి తెలుగు, ఒడియా కూలీలు ఆ ఓడలెక్కి బర్మా బియ్యపు మిల్లులకు, రేవులకు పనికి వెళ్ళేవారు. 1937లో బర్మా భారతదేశం నుండి పాలనాపరంగా వేరయింది. 1941 డిసెంబరులో జపాన్ దాడి మొదలైన తరువాత లక్షల మంది భారతీయులు బర్మాను విడిచి, చాలామంది కాలినడకన అడవులు, కొండలు దాటి స్వదేశానికి చేరారు. దారిలోనే ఎందరో మరణించారు. 1962 సైనిక పాలన తరువాత మరొక విడత తిరిగి వచ్చింది. విశాఖపట్నంలో ‘బర్మా క్యాంపు’ అన్న పేట పేరు ఆ రాకకు గుర్తు. రంగూన్ నేటి యాంగోన్. అక్కడ మిగిలిపోయిన తెలుగు కుటుంబాల వారసులు నేటికీ బర్మాలో ఉన్నారు. ఓడలు ఆగిపోయినా రెండు తీరాల మధ్య రక్తసంబంధం పూర్తిగా తెగలేదన్నమాట.

బరంపురానికి మరొక దూరపు బంధువు ఐర్లండు రాజధాని డబ్లిన్. 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన వరాహగిరి వేంకటగిరి న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్ళారు. ఐర్లండు అప్పుడు బ్రిటిషు పాలన నుండి విముక్తి కోసం పోరాడుతున్నది. ఆ పోరాటానికి ఆకర్షితులైన గిరి, 1916 ఈస్టర్ తిరుగుబాటు జరిగిన సంవత్సరంలో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. తిరిగి బరంపురం చేరి న్యాయవాద వృత్తి చేపట్టి, కార్మికోద్యమంలో ప్రవేశించి, 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతిగా ఉన్నారు. ఒక బరంపురం యువకుడి ఆలోచనలను తీర్చిదిద్దడంలో ఒక విదేశీ నగరానికి పాత్ర ఉన్నదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. సోదర నగరాన్ని అన్వేషించేవారు తరచుగా మొదలుపెట్టేది ఇటువంటి చరిత్ర నుండే. అయితే చరిత్ర తలుపు తెరుస్తుందే గాని ఇల్లు గడపదు. ఇల్లు గడవాలంటే నేటి అవసరం ఉండాలి.

ఇవ్వడానికి ఇక్కడ ఏమున్నది

‘మనవంటి ఊరితో ఎవరు చెలిమి చేస్తారు’ అన్న సంకోచం మధ్యస్థాయి నగరాలలో సహజం. 2011 జనగణన ప్రకారం బరంపురం జనాభా సుమారు 3.5 లక్షలు. ప్రపంచపు సోదర నగరాలలో ఇంతకంటె చిన్నవి ఎన్నో ఉన్నాయి. అడగవలసిన ప్రశ్న జనాభా గురించి కాదు. ఈ ప్రాంతానికి తెలిసి, ఇతరులు తెలుసుకోవలసినది ఏమిటన్నదే ప్రశ్న.

మొదటి సమాధానం తుఫాను. 1999 అక్టోబరు 17, 18 తేదీలలో గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన తుఫాను బరంపురాన్ని అతలాకుతలం చేసింది. అదే నెల 29న పారాదీప్ సమీపంలో విరుచుకుపడిన మహాతుఫాను దాదాపు 10 వేల ప్రాణాలను బలిగొన్నది. ఆ విషాదం తరువాత ఒడిశా ప్రత్యేకంగా విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసుకున్నది. తీరం పొడవునా ఆశ్రయ భవనాలు వెలిశాయి. గ్రామ గ్రామాన యువకులకు శిక్షణ లభించింది. 2013 అక్టోబరు 12 రాత్రి గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలులతో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్దనే తీరాన్ని తాకింది. అప్పటికే సుమారు 10 లక్షల మందిని సురక్షిత స్థలాలకు తరలించారు. ఇళ్ళు కూలాయి, చెట్లు నేలకొరిగాయి, పడవలు ముక్కలయ్యాయి. మృతుల సంఖ్య మాత్రం పదులలోనే ఆగిపోయింది. పద్నాలుగేళ్ళలో వేల నుండి పదులకు వచ్చిన ఈ దారి ప్రపంచంలోని ఎన్నో తీరపట్టణాలకు పాఠం.

ఈ పాఠంలో తెలుగువారి భాగం తక్కువ కాదు. గంజాం తీరంలోని మత్స్యకార పల్లెలలో చాలా కుటుంబాల మాతృభాష తెలుగు. గోపాల్‌పూర్ సమీపంలోని వెంకటరాయిపూర్ అటువంటి పల్లె. 2020 ఆగస్టులో యునెస్కో అంతర్ ప్రభుత్వ సముద్ర విజ్ఞాన సంఘం ఆ పల్లెను, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోళియాసాహిని సునామీని ఎదుర్కొనేందుకు సిద్ధంగా ఉన్న గ్రామాలుగా గుర్తించింది. హిందూమహాసముద్ర తీరదేశాలలో ఇటువంటి గుర్తింపు పొందిన తొలి దేశం భారతదేశమే. ప్రమాద పటాలు, తరలింపు దారులు, ఇరవై నాలుగు గంటలూ హెచ్చరిక అందుకునే ఏర్పాటు, ప్రజల కవాతు వంటి షరతులను ఆ పల్లెలు నెరవేర్చాయి.

ఈ పల్లెకు చెలికాడెవరని ఆలోచిస్తే జపాన్‌లోని హిరొగావా అనే చిన్న పట్టణం గుర్తుకు వస్తుంది. 1854లో భూకంపం తరువాత సముద్రం పొంగి వస్తుంటే, హమగుచి గొర్యో అనే పెద్దమనిషి వరికుప్పలకు నిప్పు పెట్టి, చీకటిలో దారి తెలియని గ్రామస్థులకు ఆ వెలుగుతో మిట్టమీదికి దారి చూపాడు. తరువాత తన సొమ్ముతో తీరాన కట్ట కూడా కట్టించాడు. ఆ ఘటన జ్ఞాపకార్థం ఐక్యరాజ్యసమితి నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినంగా ప్రకటించింది. అటువంటి పట్టణపు బడిపిల్లలు, వెంకటరాయిపూర్ బడిపిల్లలు ఒకే రోజున కవాతు చేసి, తాము చేసిన పొరపాట్లను ఒకరికొకరు రాసుకుంటే, అది ఏ సన్మాన సభ కంటె విలువైన ఒప్పందం అవుతుంది.

రెండవ సమాధానం తాబేలు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల సంఖ్యలో ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ప్రపంచంలో ఇటువంటి సామూహిక రాక జరిగే తీరాలు కొన్నే. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు ఒస్టియొనాల్ వాటిలో ఒకటి. అక్కడ మొదటి రోజుల గుడ్లను పరిమితంగా సేకరించుకునే చట్టబద్ధమైన హక్కు గ్రామస్థులకు ఉన్నది. తాబేళ్ళకు కాపలా కాయడం కూడా వారి బాధ్యతే. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 గుడ్ల సేకరణను నిషేధిస్తుంది. ఇక్కడ నవంబరు నుండి మే వరకు గూళ్ళ తీరాల వద్ద చేపలవేటకు నిషేధం ఉంటుంది. ఆ నెలల భారం మోసేది మత్స్యకార కుటుంబాలే. తాబేలును కాపాడుతూ మనిషి కడుపు నింపడం ఎలాగన్న ప్రశ్న రెండు తీరాలదీ. జవాబులు వేరు కాబట్టే మాట్లాడుకోవడానికి విషయం ఉన్నది.

మూడవ సమాధానం పట్టు. భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టు చీర, జోడు నేసేవారిలో తెలుగు మాట్లాడే దేవాంగులు ప్రధానులు. వారి పూర్వులు రాజమహేంద్రవరం వైపు నుండి వచ్చారని సంప్రదాయం చెబుతుంది. రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో దేవతను పుట్టింటికి ఆహ్వానించే గౌరవం ఆ కులపెద్ద దేశిబెహరాది. వలస వచ్చినవారు ఈ నగరపు అతి పెద్ద పండుగకు ఆతిథేయులు కావడం, పరాయితనం చుట్టరికంగా మారగలదనడానికి ఈ ఊరిలోనే ఉన్న సాక్ష్యం. క్యోటోలోని నిషిజిన్ పేటలో కూడా పట్టు నేత వారసత్వ వృత్తి. కొత్త తరం మగ్గం మీద కూర్చోవడం లేదన్న చింత అక్కడా ఉన్నది. రంగుల తయారీ, కొత్త విపణి, నేర్పరులకు గౌరవం వంటి విషయాలలో నేతగాళ్ళు నేతగాళ్ళతో నేరుగా మాట్లాడుకోగలిగితే లాభపడేది మగ్గమే.

తెలుగు కుటుంబాలు చేయగలిగిన పనులు

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుండి ఒడిశాలో చేరింది. అప్పటి నుండి ఈ నగరపు తెలుగువారు ఇంటిలో ఒక భాషను, కార్యాలయంలో మరొక భాషను మాట్లాడుతూ, రెంటి మధ్య అర్థాన్ని మోసుకుపోవడం నేర్చుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి ఇటీవల వచ్చి స్థిరపడినవారికీ అది నిత్యానుభవమే. దూరదేశపు నగరంతో స్నేహానికి కావలసిన మొదటి నేర్పు కూడా ఇదే. ఆ నేర్పును ఉపయోగించే మార్గాలు కొన్ని ఉన్నాయి.

ఇంటిలో రంగం నాటి ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, ఓడ చీట్లు ఉంటే పారవేయకుండా నకళ్ళు తీయించి భద్రపరచాలి. పెద్దలు చెప్పిన మాటలను పిల్లల చేత రాయించాలి. యాంగోన్‌తో గాని, మరే రేవు నగరంతో గాని సంభాషణ మొదలైన నాడు అవే మొదటి పత్రాలు అవుతాయి.

విదేశాలలో స్థిరపడిన బంధువులు తాము నివసించే పట్టణంలో సోదర నగరాల సమితి ఉన్నదేమో విచారించవచ్చు. అమెరికా, ఐరోపా, జపాన్‌లలోని ఎన్నో పట్టణాలలో అటువంటి సమితులు ఉన్నాయి. అక్కడి సమితికి ఇక్కడి నగరాన్ని పరిచయం చేయడానికి వారికంటె తగినవారు లేరు.

ప్రతిపాదన ఉన్నవారు దానిని ఒక పుటకు మించకుండా రాసి, వార్డు కార్పొరేటరు ద్వారా నగరపాలక మండలి దృష్టికి తీసుకురావచ్చు. ఏ నగరం, ఏ ఒక్క విషయం, వారికి మనం ఇచ్చేదేమిటి, మనకు వచ్చేదేమిటి, ఎవరు పని చేస్తారు అన్న ఐదు ప్రశ్నలకు అందులో సమాధానం ఉండాలి. ఒడియాలో గాని, ఆంగ్లంలో గాని రాసిన ప్రతితో పాటు తెలుగు ప్రతి కూడా ఉంటే, ఆ పని ఎవరిని ఉద్దేశించినదో ఆ మత్స్యకారుడు, ఆ నేతగాడు చదువుకోగలుగుతారు. తాను చదవలేని ఒప్పందాన్ని ఎవరూ తనదిగా భావించరు.

ఒప్పందం కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టగలిగినది బడి. రెండు దేశాల పిల్లలు ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ఉత్తరాలు రాసుకోవడానికి పెద్ద సొమ్ము అక్కరలేదు. తమ వీధిలోని నీటి కుళాయి గురించి, వర్షం గురించి, పండుగ గురించి రాసిన పది ఉత్తరాలు ఇటు నుండి వెళ్ళి, పది ఉత్తరాలు అటు నుండి వస్తే, సంతకాలు జరిగే నాటికి రెండు ఊళ్ళ మధ్య పరిచయం అప్పటికే ఏర్పడి ఉంటుంది. కోవెంట్రీ స్త్రీలు బల్లగుడ్డ మీద పేర్లు కుట్టింది ఒప్పందం మీద సంతకాలు కావడానికి ముందే.